పెట్టిందీ కాదు, దాచిందీ కాదు

2007 నవంబరు. న్యూజిలాండ్‌లో చలి వదిలి ఎండలు మొదలయ్యే రోజులు. హామిల్టన్ ఊరి చివర, పాల ట్యాంకర్లు తిరిగే రోడ్డు పక్కన పెద్ద రేకుల షెడ్డులో నా ఉద్యోగం. ఇళ్ళు మారేవాళ్ళ సామాను కట్టి, లారీ ఎక్కించి, కొత్తింట్లో దించే కంపెనీ మాది. కొత్తింట్లో చోటు చాలని వాళ్ళ సామాను కొన్నాళ్ళు మా షెడ్డులోనే ఉంచుతాం. నేను ఆ దేశం వెళ్ళింది బిజినెస్ డిప్లొమా చదవడానికి. ఖర్చులకోసం పార్ట్‌టైముగా పెట్టెలు మోయడానికి చేరి, ఆ పనే బాగుందనిపించి ఉండిపోయాను. ఈ సంగతి గుడివాడలో ఉన్న మా నాన్నకి చెప్పాను. "మూటలు మొయ్యడానికి విమానం ఎక్కాలట్రా?" అన్నాడు. సూపర్‌వైజర్ని అయ్యానని చెప్పేదాకా ఆయన గొంతు మామూలు కాలేదు.

సామాను కట్టే ముందు ఇంటికి వెళ్ళి, గది గది తిరిగి ఏమేమున్నాయో చూసి రావడం సూపర్‌వైజర్ పని. దీన్ని మేం సర్వే అంటాం. ఎన్ని పెట్టెలు పడతాయి, ఏది పగులుతుంది, ఏ బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుని మా ప్రాణం తీస్తుంది, ఇవన్నీ అప్పుడే తేల్చుకోవాలి. తెలుగువాళ్ళ ఇల్లని తెలిస్తే చాలు, ఆఫీసులో అందరూ నావైపే చూసేవారు.

అలా తిరగ్గా తిరగ్గా నాకొక కిటుకు పట్టుబడింది. కివీ ఇళ్ళలో, అంటే ఆ దేశం వాళ్ళ ఇళ్ళలో, ఏ అల్మారా చూపించినా "ఇక్కడ స్టోర్ చేశాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మనవాళ్ళు అలా కాదు. వాళ్ళ నోట్లోంచి వచ్చే మాటని బట్టి ఆ వస్తువు ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో నేను గుమ్మంలో నిలబడే చెప్పేసేవాణ్ణి. "సర్దాను" అన్నారంటే నాకు పని తక్కువ. "కుక్కాను" అన్నారంటే తలుపు తెరిచేవాడు పక్కకి తప్పుకుని తెరవాలి. "ఎత్తిపెట్టాం" అంటే నిచ్చెన తెచ్చుకోవాలి, దుమ్ముకి తుమ్ముకోవాలి. "అట్టిపెట్టాను" అంటే అది వాళ్ళది కాదు, ఎవరికో ఇవ్వడానికి ఉంచింది. అది పగిలితే రెండిళ్ళవాళ్ళు కలిసి మనల్ని తిడతారు. "మూలన పడేశాం లెండి" అని భర్త అన్నాడా, అది కచ్చితంగా భార్య వస్తువు, లారీ ఎక్కాల్సిందే. వీటన్నిటికంటే నేను హడలిపోయేది "జాగ్రత్త చేశాను" అన్న మాటకి. జాగ్రత్త చేసిన వస్తువు లోకంలో ఎవరికీ దొరకదు, చేసినవాళ్ళకి అసలే దొరకదు. ఒకావిడ పాస్‌పోర్టులు జాగ్రత్త చేశానంటే, మేము మూడు గదులు తిరగేసి చివరికి పట్టుచీర మడతల్లోంచి లాగాం.

ఈ తెలివితో నేను కాస్త కాలర్ ఎగరేస్తున్న రోజుల్లోనే వసుంధర గారి ఇల్లు వచ్చింది.

వసుంధర గారిది కాకినాడ వైపు. నలభై అయిదేళ్ళుంటాయి. ఆవిడ భర్త ప్రసాద్ గారు హామిల్టన్లో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసేవారు. ఉగాది ఫంక్షన్లో మైకు మూగబోయినప్పుడల్లా చొక్కా చేతులు మడిచి స్టేజీ కింద దూరేది ఆయనే. అంతకుమించి నాకాయనతో పరిచయం లేదు. ఆ చలికాలంలోనే ఆయన గుండెపోటుతో పోయారు. దహనం ఇక్కడే జరిగింది. ఒక్కతే కూతురు, పేరు స్నిగ్ధ, స్కూలు చివరి సంవత్సరం. వచ్చే ఏడు ఆ పిల్ల ఆక్లండ్‌లో కాలేజీలో చేరబోతోంది కాబట్టి హామిల్టన్ ఇల్లు వదిలేసి మౌంట్ రాస్కిల్‌లో చిన్న ఫ్లాట్ తీసుకున్నారు. ఆ ఫ్లాట్‌కి గరాజ్ లేదు. అందుకని కావలసినంత సామాను ఫ్లాట్‌కి, మిగతాదంతా మా షెడ్డుకి అని అనుకున్నాం.

సర్వేకి వెళ్ళినరోజు ఆవిడ ఇల్లంతా ఓపిగ్గా చూపించారు. గరాజ్ తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయారు.

"ఇందులోవన్నీ పాతవేనండీ. అన్నీ మీ షెడ్డుకే. మీరే చూసుకోండి," అన్నారు.

తలుపు దగ్గర నుంచే చూశాను. గడ్డి కోసే మిషను, సైకిళ్ళు, పూల కుండీలు, పై దూలానికి వరసగా కొక్కేలు, వాటికి రెయిన్ కోట్లూ సంచులూ. ఏ గరాజ్ అయినా అలాగే ఉంటుంది. నేను అలవాటుగా అడిగాను. "విలువైనవి ఏమైనా పెట్టుకున్నారా మేడం? దాచుకున్నవి ఉంటే ముందే తీసేసి మీ దగ్గర ఉంచుకోండి."

"దాచింది ఏమీ లేదండీ," అన్నారావిడ.

శుక్రవారం మేము వెళ్ళి సామాను కట్టాం. వంటిల్లు నేను తీసుకున్నాను, ఎందుకంటే మనవాళ్ళ వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో వాసన చూసి చెప్పగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. గరాజ్ టెవిటాకి అప్పజెప్పాను. టెవిటా టోంగా దీవుల మనిషి. ఫ్రిజ్‌ని ఒక్కడే వీపున వేసుకుంటాడు, ఆ సంగతి రోజుకి రెండుసార్లు గుర్తు చేస్తాడు కూడా. కంపెనీలో నాకంటే ముందు నుంచీ ఉన్నాడు కాబట్టి నా మాట వింటాడు కానీ, విన్నట్టు కనపడడు. మేము పనిలో ఉండగానే ఇంటి ఓనరు తరఫు ఏజెంటు వచ్చి, గోడ మీద గీతలూ కార్పెట్ మీద మరకలూ చూపిస్తూ వసుంధర గారిని గది గదికీ తిప్పాడు. సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయింది. వసుంధర గారు ఒక స్నేహితురాలి కారులో, స్నిగ్ధ తమ కారులో ఆక్లండ్ బయల్దేరారు. ఫ్లాట్ సామాను వాళ్ళ వెనకాలే లారీలో వెళ్ళింది. గరాజ్ సామానూ, ఫ్లాట్‌లో పట్టని ఫర్నిచరూ మా షెడ్డుకి వచ్చాయి. ఒక్క కప్పు పగల్లేదు. నేను సంతోషంగా ఇంటికెళ్ళి పప్పుచారు పెట్టుకున్నాను.

మర్నాడు శనివారం, సగం రోజే పని. పొద్దున్నే ఫోను.

"శేఖర్ గారూ, నేను వసుంధరనండీ. ఒక కుండ కనపడటం లేదు."

"ఏ కుండ మేడం?"

"చిన్న మట్టి కుండ. కొత్తదే. గరాజ్‌లోది."

"ఎందులో పెట్టారు?"

"పెట్టలేదండీ."

"పోనీ ఎక్కడైనా దాచారా?"

"అయ్యో రామ, దాస్తామా దాన్ని!"

 నాకు ఏమీ అర్థం కాలేదు. అందులో ఏముందని అడిగితే ఆవిడ జవాబు చెప్పకుండా, "రేపు సాయంత్రం మా ఇద్దరికీ ఇండియా ఫ్లైటండీ. అది లేకుండా నేను వెళ్ళలేను. రాజమండ్రిలో మా మరిది వచ్చి కూర్చున్నాడు," అన్నారు. ఇండియాకి ఎవరైనా మట్టి కుండ మోసుకెళ్తారా అనుకున్నాను. ఇంటి మనిషి పోయిన దిగులులో ఏదో ఒక వస్తువు మీద మనసు పడి ఉంటుందిలే, అలాంటివాళ్ళని చాలామందిని చూశాం కదా అని సరిపెట్టుకున్నాను. చూస్తానని మాటిచ్చాను.

చూడటమంటే అంత తేలిక కాదు. మా షెడ్డులో సామాను విడివిడిగా ఉండదు. చిన్న గదంత చెక్కపెట్టెలుంటాయి, వాటిని మాడ్యూల్స్ అంటాం. ఒక ఇంటి సామాను వాటిలో ఇటుకలు పేర్చినట్టు బిగించి, తలుపు మూసి, ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తాం. వసుంధర గారివి రెండు మాడ్యూల్స్, అవీ పై వరసలో. ఫోర్క్‌లిఫ్ట్‌తో దింపాలి, నిన్న బిగించిందంతా ఇవాళ విప్పాలి. టెవిటాని పిలిచాను.

"నిన్న గరాజ్‌లో మట్టి కుండ చూశావా?"

"పూల కుండీలు చూశాను. బోలెడు."

"అవి కాదు. చిన్నది, కొత్తది."

"అలాంటిది చూళ్ళేదు," అన్నాడు వాడు. టెవిటా అబద్ధమాడే రకం కాదు. అయినా వదల్లేదు. మొదటి మాడ్యూల్ దింపి, తలుపు తీసి, పెట్టెలు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టాం. కాగితాల్లో చుట్టిన కుండీలన్నీ తీసి కింద సిమెంటు గచ్చు మీద పేర్చాం. పెద్దవి, బుల్లివి, రంగులేసినవి. ఒక పెట్టె అడుగున ఒకటి పగిలి ఉంది. పెంకులూ, దానిలోని పొడీ కాగితాల నిండా చిందాయి. నేను విసుక్కుంటూ అదంతా చీపురుతో ఊడ్చి చెత్తడబ్బాలో పోశాను. మధ్యాహ్నం దాటేసరికి మొదటి మాడ్యూల్ ఖాళీ. కొత్త కుండ మాత్రం లేదు.

ఆకలి దంచేస్తోంది. శనివారం మధ్యాహ్నం నాకొక క్రికెట్ మ్యాచ్ ఉంది, అది ఎలాగూ పోయింది. ఆ చిరాకుతోనే ఫోన్ చేశాను.

"అన్నీ పూల కుండీలేనండీ. ఇంకో మాడ్యూల్ ఉంది కానీ అందులో ఎక్కువ ఫర్నిచరే. చూడండి మేడం, ఒక్క కుండ కోసం మీరింత కంగారు పడితే ఎలా? మీ ఫ్లాట్ పక్కనే, శాండ్రింగ్‌హామ్‌లో మన షాపుల్లో దొరుకుతాయిగా. ఇవాళే వెళ్ళి ఇంకోటి కొనుక్కోండి."

 అటువైపు ఫోను ఎవరో లాక్కున్నట్టయింది.

"అంకుల్, అది కుండ కాదు," అంది స్నిగ్ధ. ఆ పిల్ల ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఆరోజు నాతో తెలుగులో చెప్పింది. "అది నాన్న."

 "ఇంకోటి కొనుక్కోండి" అన్న నా మాటే నా చెవుల్లో గింగురుమంటోంది. ఛీ, ఏం మాటన్నాన్రా అనుకున్నాను. ఆ వెంటనే చెత్తడబ్బా గుర్తొచ్చింది. ఫోను బల్ల మీద పడేసి పరిగెత్తాను. డబ్బాని పక్కకి వంచి, ఊడ్చి పోసిందంతా కాగితం మీదకి లాగి, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో కెలికాను.  నల్లటి మట్టి. అందులో ఎండిపోయిన వేళ్ళు. ఒక ప్లాస్టిక్ చీటీ, దాని మీద జెరేనియం పూల బొమ్మ. మొక్కల మట్టే! అంతకుముందు గానీ తర్వాత గానీ నేను చెత్తని చూసి అంత ఆనందపడింది లేదు.

మళ్ళీ ఫోను తీసుకున్నాను. స్నిగ్ధ ఇంకా లైన్లోనే ఉంది.

"కనపడటానికి కుండలా ఉండదంకుల్. వైట్ క్లాత్ బ్యాగ్‌లో ఉంటుంది, మూతి ముడేసి. ఇంట్లోకి తేకూడదంట. గరాజ్‌లో పెట్టినా నేలకి తగలకూడదంట. అందుకని అమ్మ పైన హుక్‌కి వేలాడదీసింది. నిన్న హుక్ ఖాళీగా ఉంటే నేను అమ్మ తీసుకుందేమో అనుకున్నా. అమ్మేమో నా కార్లో ఉందనుకుంది."

"ఒకరినొకరు అడగలేదా అమ్మా?"

"అడగాలంటే ఏమని అడగను అంకుల్?" అంది ఆ పిల్ల. "అమ్మ దాన్ని ఎప్పుడూ పేరు పెట్టి అనదు. నేనూ అనను."

అప్పటికి నాకు మొత్తం తెలిసొచ్చింది. చలికాలంలో ఆయన్ని దహనం చేశాక, ఇక్కడివాళ్ళు ప్లాస్టిక్ డబ్బాలో ఇచ్చిన అస్థికలని ఆవిడ కొత్త కుండలోకి మార్చి, తెల్లగుడ్డలో కట్టి, మన పద్ధతి ప్రకారం ఇంటి బయటే వేలాడదీసుకున్నారు. పిల్ల పరీక్షలు అవ్వాలి, సెలవు దొరకాలి, అప్పుడు గోదావరికి తీసుకెళ్ళాలి. అన్నాళ్ళూ ఆయన గరాజ్‌లోనే ఉన్నారు. అందరికంటే చివర ఆవిడే స్వయంగా చేత్తో తీసుకుని కారెక్కాలనుకున్నారు. ఏజెంటు గోడల మీద గీతలు చూపించి పూర్తి చేసేసరికి గరాజ్ ఖాళీ అయిపోయింది. ఇది మా కివీ కస్టమర్లు ఎవరూ చేసే పొరపాటు కాదు. వాళ్ళయితే హాల్లో షెల్ఫ్ మీద పెట్టుకుని, సర్వేకి వెళ్ళగానే "ఇది మా నాన్న, జాగ్రత్త" అని నాకు పరిచయం చేసేవాళ్ళు. మనం ఆ మాట నోటితో అనం. అనకపోతే లేనట్టే కదా, నాకెలా తెలుస్తుంది?

ఫోను మళ్ళీ వసుంధర గారి చేతికి వచ్చింది. దొరికిందా అని ఆవిడ అడగలేదు. "తమ్ముడూ, ఆయన్ని నేల మీద పెట్టేశారా?" అని అడిగారు. మేడం, శేఖర్ గారూ అనుకునే మర్యాద అక్కడితో పోయింది. నేను గచ్చు మీద పేర్చిన కుండీల వంక చూశాను. పొద్దున్నుంచీ దొరికినవన్నీ నేలమీదే పెడుతూ వచ్చాను. ఏమని చెప్పను? "ఒక్క నిమిషం అక్కా," అని టెవిటా వైపు తిరిగాను.

"గరాజ్‌లో పై కొక్కేనికి తెల్ల గుడ్డ సంచి ఒకటి వేలాడుతోందా?"

"ఉంది," అన్నాడు టెవిటా వెంటనే. "ముడేసి ఉంది. ఇది కూడానా అని అమ్మాయిని అడిగాను. చెవుల్లో పాటలు పెట్టుకుని గరాజ్‌లోవి అన్నీ అంది."

"మరి పొద్దున్నుంచీ చెప్పవేంట్రా నాయనా!"

"నువ్వు సంచి అడిగావా? కుండ అడిగావు. నేను ఇతరుల ముడులు విప్పి చూడను," అన్నాడు వాడు నాకంటే గట్టిగా. వాడు చెప్పింది నిజమే, కానీ ఆ క్షణంలో వాణ్ణి ఒక్కటి పీకాలనిపించింది. నా మొహం చూసి వాడు ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి రెండో మాడ్యూల్ దింపాడు.

తలుపు తీస్తే ముందంతా సోఫా, డైనింగ్ టేబులు కాళ్ళు. వాటి వెనక గోడకి ఆనించి, మనిషంత ఎత్తు అట్టపెట్టె ఒకటి నిలబడి ఉంది. దాన్ని పోర్టా రోబ్ అంటాం. లోపల అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. బీరువాలో హ్యాంగర్లకున్న బట్టల్ని మడత పెట్టకుండా అలాగే తీసి కడ్డీకి తగిలించి పంపడానికి వాడతాం. మా ఆఫీసువాళ్ళ లెక్కలో అది కోట్లకీ, పెళ్ళి గౌన్లకీ మాత్రమే. ఖరీదెక్కువ కాబట్టి గరాజ్ సామానుకి వాడితే నేనే కేకలేసేవాణ్ణి.

టెవిటా సోఫా జరిపి, లోపలికి దూరి, పోర్టా రోబ్ ముందు అట్ట తెరిచాడు. రెండు రెయిన్ కోట్లు. ఒక గొడుగు. వాటి మధ్య, కడ్డీకి తిన్నగా, తెల్లగుడ్డ సంచి. అడుగున పెట్టె అట్టకీ దానికీ మధ్య జానెడు ఎడం. ముడి చెక్కుచెదరలేదు. పైనుంచి చేత్తో తడిమితే కుండ గుండ్రంగా, పదిలంగా తగిలింది.

"వేలాడేదాన్ని వేలాడుతూనే పంపాలి," అన్నాడు టెవిటా. "దాని అడుగు ఎలాంటిదో మనకేం తెలుసు? పెట్టెలో కూర్చోబెడితే ఒరిగిపోవచ్చు. పోర్టా రోబ్ వేస్ట్ చేశావని తిడతావని నీకు చెప్పలేదు."

నేను వాణ్ణి కావలించుకున్నాను. వాడు నన్ను విదిలించుకోడానికి చూసి, నా కళ్ళు చూసి ఊరుకున్నాడు. ఫోను తీసి చెప్పాను.

"అక్కా, ఉన్నారు. నేలకి తగల్లేదు. మీ కొక్కెం నుంచి మావాడి చేతికి, మావాడి చేతి నుంచి మా కడ్డీకి. లారీలో కూడా వేలాడుతూనే వచ్చారు. నా కళ్ళతో చూస్తున్నాను, ఇప్పటికీ వేలాడుతూనే ఉన్నారు."

అటునుంచి ఏడుపు. ఆవిడ ఏడుస్తుంటే పిల్ల నవ్వడం, పిల్ల నవ్వుతూనే ఏడవడం, అంతా కలగాపులగంగా వినపడింది. "నేలకి తగల్లేదంటమ్మా, తగల్లేదంట," అని స్నిగ్ధ పదేపదే చెబుతోంది. నేను సోఫా చేతి మీద కూలబడ్డాను. ఆ ఉద్యోగంలో పియానోలు దింపాను, మూడో అంతస్తు కిటికీలోంచి మంచాలు లాగాను. అంత తేలికపడ్డ రోజు ఇంకోటి లేదు.

తర్వాత టెవిటాకి అసలు సంగతి చెప్పాను. వాడు టోపీ తీసేశాడు. పక్క పెట్టె మీద నేను పెట్టిన కాఫీ కప్పు తీసి అవతల పడేశాడు. వాళ్ళ భాషలో మెల్లగా ఏదో అన్నాడు. మౌంట్ రాస్కిల్ ఫ్లాట్‌కి గరాజ్ లేదు, ఇంట్లోకి తీసుకెళ్ళకూడదు కాబట్టి ఆ రాత్రికి ఆయన్ని మా షెడ్డులో ఆ కడ్డీకే ఉంచి, మర్నాడు తిన్నగా ఎయిర్‌పోర్టుకే తెస్తానని వసుంధర గారికి చెప్పాను. "నీకెందుకు తమ్ముడూ శ్రమ," అన్నారే గానీ, ఆవిడ గొంతులో బరువు దిగిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది.

ఆదివారం చర్చి అయ్యాక టెవిటా తనూ వస్తానన్నాడు. నల్లటి లుంగీలాంటి దాని మీద నడుముకి అల్లిన చాప చుట్టుకుని వచ్చాడు. పెద్దవాళ్ళ ముందుకి వెళ్ళేటప్పుడు వాళ్ళ పద్ధతి అది. వ్యాన్‌లో వెనక కొక్కెం ఉంది, దానికి తగిలిద్దామని నేనంటే వాడు ఒప్పుకోలేదు.

"అతను సామాను కాదుగా," అన్నాడు. ముందు సీట్లో కూర్చుని, సంచి పట్టీ చేతికి చుట్టుకుని, ఒళ్ళోకి కూడా ఆనకుండా పైకెత్తి పట్టుకున్నాడు. ఆక్లండ్ దాకా అలాగే కూర్చున్నాడు. చెయ్యి నొప్పెట్టినప్పుడు రెండో చేతికి మార్చుకున్నాడు. నేను జీవితంలో ఎప్పుడూ నడపనంత నెమ్మదిగా నడిపాను. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతుంటే పోండ్రా అనుకున్నాను.

ఎయిర్‌పోర్టులో తల్లీకూతుళ్ళు గుమ్మం బయటే నిలబడి ఉన్నారు. దహనం చేసినవాళ్ళు ఇచ్చిన కాగితం స్నిగ్ధ చేతిలో ఉంది. టెవిటా సంచిని రెండు చేతులతో పట్టుకుని, తలవంచి ఇచ్చాడు. వసుంధర గారు కూడా రెండు చేతులతో తీసుకున్నారు. ఆవిడ మాకు కృతజ్ఞతలేవో చెబుతారని, అప్పుడు ఏమనాలో నేను మనసులో అనుకుంటూ ఉన్నాను. ఆవిడ మావైపు చూడలేదు. చీర కొంగుతో సంచి మీద దుమ్మేదో తుడిచారు, నిజానికి అక్కడ దుమ్మేమీ లేదు.

"ఏమండీ, ఆలస్యమైంది," అన్నారు దానితో. "పదండి, వెళ్దాం."

స్నిగ్ధ తల్లి వంక చూసింది. తర్వాత బ్యాగు భుజానికి తగిలించుకుని, "పద నాన్నా," అంది. ముగ్గురూ లోపలికి వెళ్ళిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఏమందని టెవిటా అడిగాడు. చెప్పాను. వాడు నొప్పెట్టిన మోచెయ్యి రుద్దుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. వారం తర్వాత రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. గోదాట్లో కలిపామని, నీళ్ళు నిండుగా ఉన్నాయని, వచ్చేటప్పుడు టెవిటాకి పూతరేకులు తెస్తానని ఆవిడ చెప్పారు. తెచ్చారు కూడా. వాడు డబ్బా మొత్తం ఒక్కడే తినేసి, ఇది కాగితమా, మిఠాయా అని నన్నడిగాడు.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఆ పనిలో ఉన్నాను. మాటని బట్టి వస్తువు ఎక్కడుందో చెప్పగలనన్న గొప్ప మాత్రం పోయింది. పెట్టినవీ, దాచినవీ, సర్దినవీ, ఎత్తిపెట్టినవీ, జాగ్రత్త చేసినవీ అన్నీ అడిగాక కూడా మనవాళ్ళ ఇళ్ళలో ఇంకొకటి మిగిలి ఉండొచ్చని తెలుసుకున్నాను. వాళ్ళు దాన్ని వస్తువనుకోరు కాబట్టి మనం ఏ మాటతో అడిగినా లేదనే అంటారు. అది అబద్ధం కాదు. అందుకని సర్వే అయిపోయాక, గుమ్మం దగ్గర చివరి ప్రశ్న ఒకటి అడగడం అలవాటు చేసుకున్నాను. "ఈ ఇంట్లో సామాను కానిది ఏమైనా ఉందాండీ?"

చాలామంది నవ్వుతారు. "మా ఆయన ఉన్నారు, పట్టుకెళ్తారా?" అంటారు ఆడవాళ్ళు. నేనూ నవ్వుతాను. ఎప్పుడో ఒక ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వరు. ఇంటావిడ ఏమీ అనకుండా గరాజ్ తాళం తీసుకుని ముందు నడుస్తుంది. అప్పుడు నేను పెన్ను జేబులో పెట్టుకుని, చెప్పులు విప్పి ఆవిడ వెనకే వెళ్తాను.